ఎంత చల్లదనం చాలు

నేను ఒక ఫ్రిజ్‌ని. ఒంటి తలుపుదాన్ని, వెలిసిన లేత నీలం రంగుదాన్ని, తలుపు మీద సగం చిరిగిన స్టిక్కరు ఉన్నదాన్ని. కంచరపాలెంలో గౌరీశ్వరరావు వంటింట్లో, గ్యాసు పొయ్యికి జానెడు దూరంలో నిలబడి ఉంటాను. ఫ్రిజ్‌ని పొయ్యి పక్కన పెట్టకూడదని ఊరందరికీ చెప్పే మనిషి ఈ గౌరీశ్వరరావే. ఫ్రిజ్‌లు బాగు చెయ్యడం ఆయన వృత్తి. సొంత ఇంట్లో మాత్రం నాకు వేరే చోటు దొరకలేదట.

ఆ పొద్దున అత్తాకోడళ్ళ మధ్య గొడవ ఒక మూత దగ్గర మొదలైంది. ముందురోజు వండిన వంజరం చేపల పులుసు గిన్నెని గౌరీశ్వరరావు తల్లి పైడమ్మ మూత లేకుండా నాలో పెట్టింది. పక్కనే పాలు. కోడలు కుసుమ నా తలుపు తెరిచి, ముక్కు చిట్లించి, గిన్నె మీద కంచం బోర్లించింది. పైడమ్మ వచ్చి ఆ కంచం తీసి గట్టు మీద పెట్టింది.

“పులుసుకి గాలాడాలే. మూతెడితే ముక్క సప్పబడిపోద్ది.”

“ఫ్రిజ్‌లో గాలెక్కడుంది అత్తయ్యా? పాలన్నీ నీచు కంపు.”

“నీచు కంపుకి ఎవుడైనా సచ్చేడేటి? మూతలెట్టడం డిగ్రీలో సదువుకున్నావా?”

“లేదు. తియ్యడం మీరెక్కడ చదువుకున్నారో చెప్పండి, వెళ్ళి చేరతాను.”

ఇదంతా నా తలుపు బార్లా తెరిచిపెట్టుకునే. మనుషులకి నాతో ఉన్న సంబంధం ఎప్పుడూ ఇంతే. చల్లదనం కావాలి, తలుపు వెయ్యడానికి చేతులు రావు. పైగా ఆ రోజుల్లో నా నడిమి అరలో చిన్న అట్టపెట్టె ఒకటి ఉండేది. అందులో ఉన్నవి ఝాన్సీ ఇంజెక్షన్లు. ఝాన్సీ కుసుమకి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళది, రక్త క్యాన్సర్‌కి మందులు వాడుతోంది. క్యాన్సర్ మందులు జబ్బు కణాలతో పాటు మంచివాటినీ ఊడ్చేస్తాయి కాబట్టి, తెల్లకణాలు మళ్ళీ పెరగడానికి ఇచ్చే మందు అది. వెచ్చబడకూడదు. అటువంటి దాన్ని కడుపులో పెట్టుకుని, పులుసు గిన్నెకి మూత ఉండాలా వద్దా అనే వాదన వింటూ నిలబడ్డాను.

నన్ను ఈ వంటింటి కోసం చెయ్యలేదు. కర్మాగారం నుంచి వచ్చిన నాడే నేను ఒక వైద్య కళాశాలలో, పరిశోధన గదిలో అడుగుపెట్టాను. స్టిక్కరు అంటించింది అక్కడే. ‘తినుబండారాలు పెట్టరాదు’ అని ఉండేది. ఇప్పుడు ‘బండారాలు పెట్ట’ అని మిగిలింది. నిండుగా ఉన్నప్పుడు కూడా దాన్ని గౌరవించినవాళ్ళు తక్కువే. పెద్ద చదువులు చదివినవాళ్ళు రక్తం సీసాల వెనకాల టిఫిన్ డబ్బాలు దాచుకునేవారు. పరిశోధన ముఖ్యమే, కానీ పెరుగన్నం పులిసిపోకూడదు కదా.

ఆ గదికి పెద్ద నళినీదేవి. తెల్ల కోటు జేబులో ఎప్పుడూ నాలుగు పెన్నులు, వాటిలో రాసేది ఒక్కటే. క్యాన్సర్ వచ్చిన పిల్లల రక్తం, ఎముకల్లోంచి తీసిన మూలుగ చిన్న చిన్న సీసాల్లో నా దగ్గరికి వచ్చేవి. వాటి మీద పేర్లు ఉండవు, అంకెలే. చికిత్స మొదలవకముందు ఒక సీసా, నెల గడిచాక ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మందు ఎంతవరకు పనిచేసిందో తెలుస్తుంది. చాలామందికి రెండో సీసా వచ్చేది. కొందరికి వచ్చేది కాదు. ఆ పిల్లలు పోయారని కాదు. మొదటి విడత మందులకి పిల్ల లేచి ఆడుకోవడం మొదలుపెట్టగానే నయమైపోయిందనుకుని ఊరికి తీసుకెళ్ళిపోయేవారు, అంతే. అటువంటి ఒంటి సీసాల్ని నళినీదేవి చాలా రోజులు పారెయ్యనిచ్చేది కాదు. ఫోన్లు చేయించేది, ఉత్తరాలు రాయించేది, చివరికి ఎవరి మీదో తెలియని కోపంతో నా తలుపు దబ్బున వేసేది. అంత గట్టిగా తలుపు వేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడంటే నాకు గౌరవం.

ఒకసారి కొత్తగా చేరిన విద్యార్థి ఆవిణ్ణి అడిగాడు. “మేడమ్, ఈ జబ్బుకి అసలు మందు కనిపెట్టిందెవరు?”

“ఎవరో ఒకరైతే బాగుండేది, ఫొటో కట్టించి గోడకి తగిలించేదాన్ని” అంది ఆవిడ. “ఒకప్పుడు ఈ జబ్బొస్తే పదిమంది పిల్లల్లో ఒకరు బతకడం గొప్ప. ఇప్పుడు చికిత్స పూర్తిగా చేయించుకుంటే ఎక్కువమంది బతుకుతున్నారు. ఆ మార్పు ఒక్క మందుతో రాలేదు. ఉన్న మందులే ఏ వరుసలో, ఎంతెంత, ఎన్నాళ్ళు అని పిల్లల్ని రెండు జట్లు చేసి పోల్చి చూశారు. తేలిందాని మీద మళ్ళీ రెండు జట్లు, మళ్ళీ పోలిక. ఒకరి తర్వాత ఒకరు, విసుగు పుట్టేదాకా.”

“మరి అమ్మానాన్నలు ఒప్పుకున్నారా మేడమ్?”

“ఒప్పుకున్నవాళ్ళ పుణ్యమే నువ్విప్పుడు చదువుతున్న పుస్తకం.”

కొన్నేళ్ళకి కళాశాలకి మైనస్ ఎనభైలో పనిచేసే యంత్రాలు వచ్చాయి. వాటి ముందు నేను వేడి పెట్టెతో సమానం. విరిగిన కుర్చీలతో, తిరగని ఫ్యాన్లతో కలిపి నన్ను వేలం వేశారు. గౌరీశ్వరరావు కొన్నాడు. కంప్రెసర్ మార్చాడు, గ్యాస్ నింపాడు, నా లోపల చల్లదనం పెంచి తగ్గించే మరని చివరి అంకె, ఏడు, దాకా తిప్పి వదిలేశాడు. తనకి పని నేర్పిన మేస్త్రీ చెప్పిన మాట అది. ఐసు కడితేనే జనం బాగైందని నమ్ముతారు, ఎంత చల్లన అయితే అంత మంచిది. ఏ ఇంటి ఫ్రిజ్‌ బాగు చేసినా ఆయన ఏడు మీదే పెట్టి వస్తాడు. పరిశోధన గదిలో నా చల్లదనాన్ని పొద్దునా సాయంత్రం కొలిచేవారు. ఈ ఇంట్లో చెయ్యి లోపల పెట్టి “అబ్బ” అంటే చాలు, పరీక్ష పూర్తయినట్టే.

ఝాన్సీకి జ్వరాలు మొదలైన నాటికి నేనిక్కడ పాతదాన్నైపోయాను. ఒంటి మీద నల్లమచ్చలు వస్తే ఆటలో దెబ్బలనుకున్నారు. పెద్దాసుపత్రిలో జబ్బు పేరు చెప్పిన నాడు గౌరీశ్వరరావు ఇంటికొచ్చి నా తలుపు తెరిచి, ఏమీ తీసుకోకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఒక్కసారికి నేను విసుక్కోలేదు.

మొదటి నెల మందులకి జబ్బు బాగా లొంగింది. అసలు కష్టం బంధువులతో మొదలైంది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ఒక సీసాతో వచ్చేవారు. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం, కుసుమ పిన్ని గోధుమ గడ్డి రసం, ఎవరో గాడిద పాలు, పైడమ్మ తమ్ముడు ఏజెన్సీ నుంచి పనిగట్టుకుని తెచ్చిన వేరు కషాయం. రోగి కోసం ఆశగా తెచ్చింది పారబోస్తే తెచ్చినవాళ్ళ ఉసురు తగులుతుందని ఈ ఇంటి నమ్మకం. పిల్లకి పొయ్యడానికి కుసుమకి ధైర్యం లేదు, పారబొయ్యడానికి పైడమ్మకి మనసు రాదు. మనుషులు తేల్చుకోలేని ప్రతిదీ ఫ్రిజ్‌లో పెడతారు కాబట్టి అవన్నీ నా అరల్లోకి చేరాయి. ఆకుపచ్చనివి, నల్లనివి, బుడగలు వస్తున్నవి. అట్టపెట్టె వాటి మధ్య ఒదిగి కూర్చునేది.

అటువంటి రోజుల్లో ఒక సోమవారం భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి నుంచి ముఖాలు ముడుచుకుని వచ్చారు. కుసుమ అన్నం వారుస్తూ అత్తగారికి వివరించింది. ఆసుపత్రిలో ఒక పరిశోధన జరుగుతోందట. ఝాన్సీలా మొదటి నెలకే జబ్బు బాగా లొంగిన పిల్లలకి ముందు ముందు ఇచ్చే మందుల్లో ఒకటి చాలా ఘాటైనది, పెద్దయ్యాక గుండెని ఇబ్బంది పెట్టొచ్చు. దాన్ని కొంత తగ్గించినా జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అని చూస్తారట. సగంమందికి మామూలు పద్ధతి, సగంమందికి తగ్గించిన పద్ధతి. ఎవరు ఎటో కంప్యూటరు చీటీ తీస్తుంది. వద్దంటే మామూలు పద్ధతే ఇస్తారు, అందరిలాగే చూస్తారు. చేరాక మానెయ్యాలన్నా మానెయ్యొచ్చు. వచ్చే విడత మందులు మొదలయ్యేలోగా ఏ సంగతో చెప్పాలి.

“మన గుంట మీద, ఇంత సిన్నపిల్ల మీద పరీచ్చలా?” అంది పైడమ్మ. “ఆళ్ళకి ఎలకలు దొరకలేదేటి?”

“ఎలకల మీద ఎప్పుడో చూశారత్తయ్యా. అయ్యాకే పిల్లల దగ్గరికొచ్చింది.”

“నువ్వు ఆళ్ళ పక్షం మాటాడకు. ఒరే గౌరీసూ, నువ్వేటంటావు?”

గౌరీశ్వరరావు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. “నాకు భయంగా ఉందమ్మా. మందు తగ్గించి, రేపు జబ్బు తిరగబెడితే? పూర్తిగా ఇప్పించలేదని జన్మంతా ఏడవాలి. ఎక్కువిస్తే పోయేదేముంది?”

“గుండె” అంది కుసుమ.

“గుండె సంగతి ముందు బతికితే కదా.”

అతని భయం ఉత్త మూర్ఖత్వం కాదు. బిడ్డని పోగొట్టుకుంటానేమోననుకునే మనిషికి తక్కువ అన్న మాటే చెవికెక్కదు. అది నాకూ అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది వేరే సంగతికి. పరిశోధన అంటే ఉలిక్కిపడే ఈ మనుషులే, ఏ చెట్టుదో తెలియని వేరు కషాయాన్ని పిల్ల నోట్లో పొయ్యడం గురించి రోజూ ఆలోచిస్తున్నారు. అది ఎంతమందికి నయం చేసిందని అడిగినవాడు లేడు. నేను చేసిన చప్పుడు అందరూ కంప్రెసర్ అనుకున్నారు.

ఆ వారమే పైడమ్మ తమ్ముడు రెండో కషాయం సీసాతో దిగాడు. ముందుదానికంటే పొడుగుది. నడిమి అరలో చోటు చెయ్యడానికి పైడమ్మ అన్నిటినీ పక్కకి నెట్టింది, అట్టపెట్టెని లోపలికి తోసింది, నా వెనక గోడకి ఆనేదాకా. మర ఏడు మీద ఉన్న నాలాంటి దాని వెనక గోడ ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉండాలి. ఆయన రోజూ అందరి ఫ్రిజ్‌ల వెనక గోడలూ చూస్తాడు.

మర్నాడు ఇంజెక్షన్ వెయ్యడానికి నర్సు వచ్చింది. సీసా వెలుతురుకి పట్టుకుని చూసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

“ఇది గడ్డకట్టిందండి. వెయ్యకూడదు.”

“కాసేపు బయటెడితే కరిగిపోద్ది కదా తల్లీ” అంది పైడమ్మ.

“కరుగుతుంది మామ్మగారూ. పని చేస్తుందో లేదో చెప్పలేం. మిగతావీ ఇలాగే ఉన్నాయి. కొత్తవి తెచ్చుకోండి.”

కొత్తవి వచ్చేసరికి ఒక రోజు పోయింది. అదే రోజు సాయంత్రం ఝాన్సీకి జ్వరం వచ్చింది. తెల్లకణాలు లేని పిల్లకి జ్వరమంటే ఇంట్లో కూర్చుని చూసేది కాదు. కుసుమ పిల్లని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయింది. జ్వరం ఆ ఇంజెక్షన్ పడనందుకే వచ్చిందా, ఎలాగూ వచ్చేదేనా అన్నది డాక్టరమ్మ చెప్పలేదట. చెప్పలేనని చెప్పిందట. రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. పైడమ్మ నా ముందు పీట వేసుకుని కూర్చుని, లోపలికి చూడకుండా, తనలో తను ఏదో అనుకునేది. మూడో రోజు జ్వరం దిగిందని కబురు వచ్చింది.

కబురు విన్నాక గౌరీశ్వరరావు నా తలుపు తెరిచాడు. ముందు ఆ సీసాలన్నీ తీసి గట్టు మీద వరసగా పెట్టాడు. పైడమ్మ చూసింది. తర్వాత ఆరు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ప్రతి అరలో ముందొకటి, వెనకొకటి పెట్టాడు. పనిసంచిలో అడుగున ఎప్పటిదో ఒక థర్మామీటరు ఉంటే తుడిచి లోపల పెట్టాడు. తలుపు వేసి బయట కూర్చున్నాడు. వెయ్యడమే కాదు, గంటలకొద్దీ వేసే ఉంచాడు. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మర్యాద.

ఏడు మీద వెనక గ్లాసుల్లో పైన ఐసు పొర కట్టింది. ఐదుకి తిప్పి కొత్త నీళ్ళు పోశాడు. వెనక అంచున సన్నటి పొర. నాలుగుకి తిప్పాడు. పొర లేదు, ముందున్న గ్లాసు కూడా చల్లగానే ఉంది, పాలు విరగలేదు. రెండుకి తిప్పితే పాలు అనుమానంగా అనిపించాయి. మళ్ళీ నాలుగుకి వచ్చాడు. మర్నాడు కూడా అదే పని.

“ఏట్రా, గళాసుల్లో నీళ్ళెట్టి కాపలా కాస్తన్నావు?” అంది పైడమ్మ.

“ఎంత చల్లదనం చాలో చూస్తున్నానమ్మా.”

“ఇన్నేళ్ళు ఇదే పని సేసినోడివి. నీకు తెల్దేటి?”

“తెలుసనుకున్నాను.”

“మరి అందరికీ ఏడు మీదే ఎట్టీసొచ్చేవు కదా.”

“ఎట్టీసొచ్చేను. ఎక్కువుంటే పోయేదేముందని.”

అని ఆయన ఆగిపోయాడు. థర్మామీటరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మనిషికి ఒక ఆలోచన లోపలికి వెళ్ళేటప్పుడు ముఖం ఎలా ఉంటుందో పరిశోధన గదిలో చాలాసార్లు చూశాను. ఇక్కడ చూడటం అదే మొదలు. ఇంత చిన్న సంగతికి ఇన్నేళ్ళు పట్టిందని చిరాకూ వేసింది.

ఆదివారం తల్లీకూతుళ్ళు ఇంటికొచ్చారు. పిల్ల ముఖం పాలిపోయి ఉంది, గుండు మీద సన్నటి నూగు. వేడి వేడిగా అన్నం, పప్పు, బాగా ఉడికించిన బంగాళాదుంప కూర. బయటి తిండి, చల్లారిన తిండి ఆ పిల్లకి పెట్టకూడదు. నలుగురూ వంటింట్లోనే, నాకెదురుగా, చాప మీద కూర్చున్నారు.

కుసుమ ముద్ద కలుపుతూ అంది. “రేపు చెప్పాలండీ. డాక్టరమ్మ మళ్ళీ అడగదు. మనమే చెప్పాలి.”

“చేరుద్దాం” అన్నాడు గౌరీశ్వరరావు.

పైడమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. “మొన్న వద్దన్నావు.”

“మొన్న ఎక్కువుంటే మంచిదే అనుకున్నానమ్మా. ఎంత చాలో ఎవరూ చూడకపోతే అందరూ ఏడు మీదే పెట్టుకుని బతకాలి. వాళ్ళు చూస్తామంటున్నారు. మన పిల్లకిచ్చే మందులన్నీ ఎవరో పిల్లల మీద అలా చూసినవేనంట, కుసుమ చెప్పింది.”

“సూసిన పిల్లల్లో ఎవరికైనా ఏటైనా అయిందేమో.”

“అయ్యుంటుంది” అంది కుసుమ. నెమ్మదిగానే అంది. “ఏమీ చూడకుండా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువమందికి అయింది అత్తయ్యా. గట్టు మీదున్న సీసాలూ ప్రయోగాలే. ఏది ఎవరికి ఏం చేసిందో రేపు అడిగితే చెప్పేవాళ్ళుండరు. వీళ్ళు నెలనెలా చూస్తారు. తేడా కనిపిస్తే ఆపేస్తారు.”

“మన గుంటకి ఏ వాటా వస్తాది? తగ్గించిందా, మామూలుదా?”

“తెలీదమ్మా” అన్నాడు గౌరీశ్వరరావు. “డాక్టరమ్మకీ తెలీదు. ఏది మంచిదో తెలిస్తే ఇంక చూడ్డమెందుకు?”

పైడమ్మకి ఇది నచ్చలేదు. నచ్చినట్టు నటించనూ లేదు. “నాకు ఇందులో ఓ ముక్కా అర్దం కాలేదు” అంది. “ఆ సీసాలు మాత్రం మా తమ్ముడికి నేనే సెప్పుకుంటాను. ఇంక తేవొద్దంటాను.”

“ఇంకొకటుందండీ” అంది కుసుమ. “మనం సంతకం పెడితే సరిపోదట. ఏడేళ్ళు నిండిన పిల్లలైతే పిల్లని కూడా అడిగి, ఒప్పుకుంటేనే చేర్చుకుంటారట.”

ముగ్గురూ ఝాన్సీ వైపు తిరిగారు. అంతవరకు ఆ పిల్ల పప్పులోంచి కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టుకుంటోంది. ఇన్ని నెలలుగా తన గురించి ఇంతమంది ఇన్ని మాటలనుకుంటుంటే ఆ పిల్లని ఎవరూ ఏదీ అడగలేదు. నేను లెక్క చెప్పగలను, ఒక్కసారి కూడా అడగలేదు.

“నాకు ఇప్పటికంటే ఎక్కువ నొప్పుంటుందా?” అంది ఝాన్సీ.

“ఎక్కువుండదమ్మా. ఇంతే ఉంటుంది, లేకపోతే తక్కువ” అంది కుసుమ.

“వద్దంటే డాక్టరమ్మ కోప్పడుతుందా?”

“కోప్పడదు.”

“నాన్న కోప్పడతాడా?”

గౌరీశ్వరరావు పిల్ల కంచంలో ఇంకాస్త పప్పు వేశాడు. “పడను.”

పిల్ల ఇంకో కరివేపాకు ఏరి పక్కన పెట్టింది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

“అయితే చేరతాను. రేపు డాక్టరమ్మకి నేనే చెప్తాను. ముందు మీరెవ్వరూ చెప్పకండి.”